ఆకు అడుగున ఆస్తి: సీషెల్స్ వార్బ్లర్ ఇంటి లెక్కలు

హిందూ మహాసముద్రంలో సీషెల్స్ అనే దేశం ఉంది. అందులో కజిన్ అనే ద్వీపం విస్తీర్ణం 29 హెక్టార్లు, అంటే మన లెక్కలో డెబ్భై ఎకరాల పైచిలుకు. ఓ మోతుబరి రైతు చెక్క అంత. అక్కడ పరిశోధకులు ఏళ్ల తరబడి చేస్తున్న పని ఒకటుంది. చెట్టు దగ్గర నిలబడతారు, ఆకు తిప్పుతారు, అడుగున ఎన్ని పురుగులున్నాయో లెక్కపెట్టి రాసుకుంటారు. తరవాత ఇంకో ఆకు. ఎంచుకున్న ప్రతి చోటా ఒక్కో రకం చెట్టుకు 50 ఆకులు చూడాలి. నెల తిరిగేసరికి మళ్లీ మొదటికి. చూసేవాళ్లకు ఇదేం పని అనిపిస్తుంది.

ఆ ద్వీపంలో ఒక పిట్ట ఉంది. పేరు సీషెల్స్ వార్బ్లర్. అది గింజలు తినదు, నేల మీద చెత్త గెలికి ఏరుకోదు. దాని తిండి పురుగులే, ఆ పురుగుల్లో నూటికి 98 ఆకుల మీద దొరికేవే, అందులోనూ ఎక్కువ భాగం ఆకు అడుగున దాక్కున్నవి. కాబట్టి ఒక జంట ఇలాకాలో ఎంత ఆకు ఉందో, ఆ ఆకుకు ఎన్ని పురుగులున్నాయో తెలిస్తే ఆ జంట ఆస్తి ఎంతో కాగితం మీద తేలిపోతుంది. ఇంటి నుంచి ఎవరు బయటికి వెళ్లాలి, ఎవరు అమ్మానాన్నల దగ్గరే ఉండిపోవాలి, పుట్టేది కొడుకా కూతురా అన్న సంగతులన్నీ ఆ ఆస్తి చుట్టూనే తిరుగుతాయి. పక్షుల కుటుంబ జీవితం గురించి ప్రపంచానికి తెలిసినదాంట్లో ఒక ముఖ్యమైన వాటా ఈ ఆకుల లెక్క నుంచే వచ్చింది.

పిట్ట మాత్రం చూపుకు ఆనేది కాదు. బరువు 15 గ్రాములు, అటూ ఇటూగా. వీపు మట్టిరంగు కలిసిన ఆకుపచ్చ, పొట్ట కాస్త వెలిసిన రంగు, కాళ్లు నీలం కలిసిన బూడిద రంగు. వయసు తెలుసుకోవాలంటే కంట్లోకి చూడాలి. పిల్లగా ఉన్నప్పుడు బూడిద రంగులో ఉండే కన్ను పెద్దయ్యేకొద్దీ గోధుమ రంగుకు, తరవాత ఇటుక ఎరుపుకు తిరుగుతుంది. గొంతు మాత్రం గొప్పది. ఎవరో మనిషి తీరిగ్గా ఈల వేస్తున్నట్టు ఉంటుంది పాట.

దీని దాయాది ఒకటి ఏటా తెలుగు ఊళ్లకు వస్తుంది. చలికాలంలో పెరట్లో, కంపల్లో, గోరింట పొదల్లో కనపడకుండా తిరుగుతూ ‘చెక్, చెక్’ అని నాలుక చప్పరించినట్టు అరిచే చిన్న మట్టిరంగు పిట్ట అది. పేరు బ్లిత్స్ రీడ్ వార్బ్లర్. తూర్పు యూరప్, సైబీరియా, కజకిస్తాన్ వైపుల నుంచి వేల కిలోమీటర్లు ఎగిరి వచ్చి, వేసవి ముదిరేలోపు వెళ్లిపోతుంది. రెండూ ఒకే ప్రజాతికి చెందినవి. కానీ సీషెల్స్‌లో స్థిరపడిన శాఖ సంగతి వేరు. కజిన్ పక్కనే కజీన్ అనే ఇంకో ద్వీపం ఉంది (పేర్లు పెట్టినవాళ్లకు చుట్టరికాల మీద మోజు ఉన్నట్టుంది). రెండింటి మధ్య సముద్రం 1.6 కిలోమీటర్లే. గట్టు మీద నుంచి చూస్తే అవతలి చెట్లు కనిపిస్తాయి. రింగులు తొడిగిన పక్షుల్లో ఆ నీళ్లు దాటినవి వెయ్యికి ఒకటి. రెక్కల కొలతలు తీసి చూస్తే ఎగరలేకపోవడానికి కారణమేమీ లేదు. ఎగరగలదు, ఎగరదు. ఈ ఒక్క గుణమే దాన్ని చావు అంచుకు తెచ్చింది, పరిశోధకులకు అరుదుగా దొరికే వరంగానూ మారింది.

చావు అంచుకు తెచ్చిన రెండో కారణం కొబ్బరి.

కోనసీమ మనిషి దగ్గర కొబ్బరిచెట్టును విలన్ అంటే ఊరుకోడు. కానీ సీషెల్స్ అడవుల విషయంలో జరిగింది అదే. 1770లో మనుషులు అక్కడ స్థిరపడటం మొదలుపెట్టారు. కలప కొట్టారు, తరవాత ఎండు కొబ్బరి వ్యాపారం ఊపందుకుంది. ద్వీపం తరవాత ద్వీపం తోటలయ్యాయి. తోట అంటే చెట్ల కింద శుభ్రంగా ఉండాలి కదా, మొలిచిన మొక్కనల్లా పీకేసేవాళ్లు. కొబ్బరి మట్టకున్న సన్నటి, గట్టి ఆకుల అడుగున ఈ పిట్టకు సరిపడా పురుగులు ఉండవు. పైగా పడవల్లో ఎలుకలు దిగాయి, వాటి వెనకే పిల్లులూ వచ్చాయి. 1877లో ఫ్రెంచ్ శాస్త్రవేత్త ఎమీల్ ఉస్తాలే ఈ జాతిని శాస్త్రానికి పరిచయం చేసేనాటికి అది ఇంకా మరియాన్ ద్వీపంలోనూ ఉంది. 20వ శతాబ్దం సగానికి వచ్చేసరికి మిగిలింది కజిన్ ఒక్కటే. అక్కడా కొబ్బరితోటే. కాకపోతే ఎలుకలూ పిల్లులూ చేరలేదు, ఒక మూల కొంచెం పాత చెట్లు మిగిలాయి. 1960ల్లో లెక్కపెడితే మొత్తం ప్రపంచంలో ఉన్న సీషెల్స్ వార్బ్లర్లు 30కి లోపే.

1968లో అంతర్జాతీయ పక్షి సంరక్షణ మండలి కజిన్ ద్వీపాన్ని కొనేసింది. ఈ సంస్థే తరవాత బర్డ్‌లైఫ్ ఇంటర్నేషనల్ అయింది. ఒక పిట్ట కోసం ద్వీపం కొనడం అప్పట్లో వింత. కొన్న తరవాత చేసింది ఇంకా వింత: పంజరాలు లేవు, గుడ్లు పొదిగించే మిషన్లు లేవు, తిండి పెట్టడం లేదు. కొబ్బరి మొలకలను తీసేయడం మొదలుపెట్టి, మిగతా మొక్కలను పీకడం ఆపేశారు. అంతే. అడవి తనంతట తానే లేచింది.

లేచిన అడవిలో పెద్దపీట పైసోనియా గ్రాండిస్ అనే చెట్టుది. ఇది మన కాగితపుపూల తీగ కుటుంబానికి చెందింది. అదే కుటుంబంలోని అటికమామిడి గింజలు పొలంలో నడిచేటప్పుడు పంచెకు అంటుకుంటాయి. పైసోనియా గింజలదీ అదే బంకబుద్ధి, కాకపోతే అవి సముద్రపక్షుల ఈకలకు పడతాయి. పక్షి వాటిని మోసుకుపోతుంది. మరీ ఎక్కువ అంటుకుంటే ఎగరలేక అక్కడే చచ్చిపోతుంది కూడా. సముద్రపక్షుల రెట్ట చెట్టుకు ఎరువు, చెట్టు కొమ్మలు వాటి గూళ్లకు ఆసరా, వెడల్పాటి మెత్తటి ఆకుల అడుగున పురుగులు, ఆ పురుగులకు వార్బ్లర్. సముద్రంలో చేప పట్టే పక్షికీ ఆకు అడుగున పురుగు ఏరే పక్షికీ మధ్య ఉన్న లంకె ఇదే.

1982 నాటికి కజిన్ నిండిపోయింది. సుమారు 320 పక్షులు, 110 దాకా ఇలాకాలు. ఆ తరవాత సంఖ్య పెద్దగా పెరగలేదు, పెరగడానికి చోటు లేదు. పెద్ద పక్షుల్లో నూటికి 84 మరుసటి ఏడు చూస్తాయి. పిచ్చుక సైజు పిట్టకు ఇది చాలా పెద్ద ఆయుష్షు. పదిహేనేళ్లు దాటి బతికినవి ఉన్నాయి. ముసలివాళ్లు పోరు, కొత్తవాళ్లకు జాగా దొరకదు.

ఇక్కడి నుంచే అసలు కథ. జాగా దొరకని కుర్రపక్షి ఏం చేస్తుంది? కజిన్‌లో చాలావరకు పుట్టింట్లోనే ఉండిపోతుంది. ఇలాకాను కాపలా కాస్తుంది, గూడు కట్టడంలో చెయ్యి వేస్తుంది, తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ పురుగులు తెచ్చి పెడుతుంది. ఇలా ఆగిపోయేవాటిలో ఎక్కువ భాగం కూతుళ్లే. కొడుకులు సాధారణంగా ఇల్లు విడిచి వెళ్తాయి. మన దగ్గర ఉమ్మడి కుటుంబంలో ఉండిపోయేది కొడుకు కాబట్టి ఇది తిరగేసిన లెక్క.

దీన్ని త్యాగం అనుకోవచ్చు. డచ్ శాస్త్రవేత్త యాన్ కొమ్డ్యూర్ 1980ల మధ్యలో కజిన్‌కు వచ్చి ఆ మాటను పరీక్షకు పెట్టాడు. పరీక్షకు అవకాశం ఇచ్చింది సంరక్షణ పనే. అన్ని పక్షులూ ఒకే ద్వీపంలో ఉంటే ఒక్క తుఫానుకో, పడవ దిగిన ఒక్క ఎలుకకో జాతి మొత్తం పోతుంది కాబట్టి కొన్నింటిని వేరే ద్వీపాలకు చేర్చాలని నిర్ణయించారు. 1988లో 29 పక్షులను అరీద్ ద్వీపానికి, 1990లో మరో 29ని కజీన్‌కు తీసుకెళ్లారు. సొంత ఇలాకా ఉన్న పక్షులను వలవేసి పట్టుకున్నప్పుడు కజిన్‌లో ఆ జాగాలు ఖాళీ అయ్యాయి. ఎంతసేపు? కొన్ని గంటలు. పక్క ఇలాకాల్లో అమ్మానాన్నలకు సాయంగా ఉన్న పిట్టలు వచ్చి వాలిపోయాయి, కాపురం పెట్టేశాయి. పుట్టింటి మీద ప్రేమ సంగతి అక్కడితో తేలింది.

అయితే అన్నీ వెళ్లలేదు. పురుగులు బాగా ఉన్న ఇంటి పిట్టలు తమ ఇలాకా కన్నా తక్కువ జాగాకు వెళ్లడానికి తొందరపడలేదు. మంచి జాగా ఖాళీ అయ్యేదాకా ఆగడమే వాటికి లాభం. అరీద్‌లో ఇంకా ముచ్చటైన సంగతి బయటపడింది. అక్కడ జాగా బోలెడు, పురుగులు బోలెడు. మొదట్లో పుట్టిన పిల్లల్లో ఒక్కటీ ఇంట్లో ఆగలేదు, రెక్కలొచ్చాక వెళ్లి సొంతంగా కాపురాలు పెట్టాయి. మంచి జాగాలన్నీ నిండిన తరవాతే ఇంట్లో ఆగిపోయేవి కనిపించడం మొదలైంది. కజిన్‌లో మామూలుగా ఈతకు ఒకే గుడ్డు. అరీద్‌లో రెండు, ఒక్కోసారి మూడు పెట్టాయి. అవే పక్షులు, అదే రక్తం, మారింది జాగా, ఆకు అడుగున పురుగుల సంఖ్య.

ఇక కొడుకా కూతురా అన్న లెక్క. ఇంట్లో ఆగిపోయిన కూతురు రెండువైపులా పదునున్న కత్తి. పురుగులు దండిగా ఉన్న ఇంట్లో ఆమె తెచ్చి పెట్టేది ఎక్కువ, తినేది పెద్ద లెక్కలోకి రాదు. పురుగులు తక్కువైన ఇంట్లో ఆమె నోరే భారం. తల్లికి లాభం ఎక్కడుంది? బీద ఇంట్లో బయటికి వెళ్లిపోయే కొడుకును కనడంలో, కలిగిన ఇంట్లో సాయానికి ఉండే కూతురిని కనడంలో. పిల్ల ఆడో మగో బయటికి చూస్తే తెలియదు. 1990ల్లో ఒక చుక్క రక్తంతో డీఎన్‌ఏ పరీక్ష చేసి చెప్పడం వచ్చాక లెక్క చూశారు. 1997లో నేచర్ పత్రికలో వచ్చిన ఫలితం చదివి జీవశాస్త్రవేత్తలు కళ్లు నులుముకున్నారు. పురుగులు తక్కువ ఉన్న ఇలాకాల్లో నూటికి 77 కొడుకులు. పురుగులు ఎక్కువ ఉన్నచోట కొడుకులు నూటికి 13 మాత్రమే. బీద ఇలాకా జంటలను పురుగులు దండిగా ఉన్న ద్వీపానికి మార్చితే అవే తల్లులు కొడుకులు మానేసి కూతుళ్లను కనడం మొదలుపెట్టాయి. ఇంట్లో ఇప్పటికే ఇద్దరు కూతుళ్లు ఆగిపోయి ఉంటే, ఎంత కలిగిన ఇల్లైనా మళ్లీ కొడుకుల వైపే మొగ్గు. మూడో సాయం అక్కర్లేదన్నమాట.

పక్షుల్లో పిల్ల ఆడో మగో తేల్చేది తల్లి అండమే. మనుషుల్లో తండ్రి వైపు నుంచి తేలుతుంది, వీటిలో తల్లి వైపు నుంచి. గుడ్డులో ఒక రకం పిల్లలు చచ్చిపోవడం వల్ల లెక్క ఇలా వచ్చిందేమో అని కూడా చూశారు. కాదు, గుడ్డు బయటికి రాకముందే మొగ్గు ఏర్పడుతోంది. కూతురే కావాలని మొగ్గే తల్లి కథ మన దగ్గర వార్తగా వినపడటం అరుదు కాబట్టి ఈ పరిశోధన గురించి రాసేవాళ్లు పిట్టను మెచ్చుకోవడానికి ఉబలాటపడుతుంటారు. అది ఆడపిల్లల మీద గౌరవమేమీ కాదు. ఇంట్లో పనికి ఎవరు ఉంటారు అన్న లెక్క మాత్రమే. కుటుంబాన్ని చూసి పిట్టకు పాఠం చెప్పడం, పిట్టను చూసి కుటుంబానికి పాఠం చెప్పడం రెండూ అనవసరం.

ఆ మాటకొస్తే ఈ కుటుంబాల లోగుట్టు వేరే. చూడటానికి ఏళ్ల తరబడి ఒకే జంట. డీఎన్‌ఏ చూస్తే పిల్లల్లో నూటికి 40 దాకా తండ్రి ఆ ఇంటివాడు కాడు, పక్క ఇలాకా మగపక్షి. ఇంట్లో సాయానికి ఆగిన ఆడపక్షులు కూడా అంత అమాయకులేం కావు. వాటిలో చాలావి అదే గూట్లో, పెద్ద ఆడపక్షి గుడ్డు పక్కన తమ గుడ్డూ పెట్టేస్తాయి. చెల్లెలికి పెడుతున్నట్టు కనిపించే పురుగు ఒక్కోసారి సొంత బిడ్డకే. ఇంకో వరస కూడా ఉంది. వయసు మళ్లిన ఆడపక్షిని ఆ స్థానం నుంచి చిన్నది తోసేస్తుంది, చాలాసార్లు సొంత కూతురే. తోసేసిన ముసలి తల్లుల్లో కొన్ని ఇల్లు వదలవు, మనవల నోటికి పురుగులు అందిస్తూ ఉండిపోతాయి. మనుషుల్లో అమ్మమ్మలు పిల్లల్ని పెంచడం గురించి శాస్త్రవేత్తలు చాలా రాశారు గానీ, పక్షుల్లో అలాంటిది దొరకడం చాలా అరుదు. సాయం అందే ముసలి తల్లులు సాయం లేనివాటి కంటే నెమ్మదిగా ముసలివవుతాయని కూడా ఇక్కడే తేలింది.

ఇవన్నీ ఇంత వివరంగా ఎలా తెలిశాయంటే పిట్ట ద్వీపం దాటదు కాబట్టి. మిగతా పక్షుల విషయంలో రింగు వేసిన పిట్ట మరుసటి ఏడు కనపడకపోతే చచ్చిందో, ఎక్కడికైనా వెళ్లిందో చెప్పలేం. కజిన్‌లో కనపడలేదంటే లేదనే అర్థం. 1997 నుంచి అక్కడ దాదాపు ప్రతి పిట్టకూ కాళ్లకు ఒక లోహపు రింగు, మూడు రంగు రింగులు ఉన్నాయి. రంగుల వరస చూసి ఇది ఫలానా ఇంటి ఫలానా పిల్ల అని చెప్పేస్తారు. తాతముత్తాతల దాకా వంశవృక్షం గీసి ఉంది. ఎన్ని మనుషుల ఇళ్లలో ఉంటుంది అలాంటిది?

గూటికి శత్రువు కూడా ఇంటి చుట్టుపక్కలదే. సీషెల్స్ ఫోడీ అని ఒక గిజిగాడి జాతి పక్షి అదను చూసి గుడ్డు పగలగొట్టి తాగేస్తుంది. అదీ సీషెల్స్‌కే పరిమితమైన పక్షే, దాన్నీ కాపాడాల్సిందే. గుడ్లు పొదగడం ఆడపక్షి పనే. ఆమె తిండికి వెళ్లినప్పుడు మగపక్షి గూటి దగ్గర కాపలా కూర్చుంటుంది. ఫోడీలు లేని కాలంలో అరీద్‌కు చేరిన మగపక్షులు కాపలా మానేశాయి. అక్కర్లేని డ్యూటీ ఎవరు చేస్తారు?

తరవాత 2004లో 58 పక్షులను డెనిస్ ద్వీపానికి, 2011లో 59ని ఫ్రెగేట్‌కు చేర్చారు. ఇప్పుడు అయిదు ద్వీపాల్లో కలిపి సుమారు మూడు వేలు. అంతరించిపోయే జాతుల జాబితాలో ప్రమాదపు మెట్లు ఒక్కొక్కటే దిగుతూ వచ్చింది. పక్షి సంరక్షణ ఉపన్యాసాల్లో ఈ ఉదాహరణ లేకుండా గడవదు. అయితే దీన్ని ఎక్కడ పడితే అక్కడ నకలు కొట్టగల ఫార్ములాగా చూపించడం సరికాదు. కజిన్ కొనడానికి దొరికింది, ఎలుక అడుగుపెట్టలేదు, మొక్కను పీకడం మానేస్తే అడవి లేవడానికి విత్తనం మిగిలి ఉంది. మూడూ ఒక్కచోట కలిసి రావడం అదృష్టం. ఫ్రెగేట్‌లో 1995లో ఎలుకలు దిగితే, వాటిని తుడిచిపెట్టిన తరవాతే ఈ పిట్టను పంపగలిగారు. డెనిస్ పగడపు ద్వీపం, సముద్రమట్టానికి కొద్ది మీటర్ల ఎత్తులోనే ఉంది. కజిన్‌లోనే గాలికాలంలో ఒడ్డున ఉన్న ఇలాకాల మీద ఉప్పునీటి తుంపర కొట్టి ఆకు రాలిపోతుంది. ఆకు రాలితే పురుగు లేదు. ఒడ్డు ఇళ్లు ఎప్పుడూ బీదవే.

సంఖ్య పెరిగినా తిరిగిరానిది ఇంకొకటి ఉంది. 1876 నుంచి 1940 దాకా పట్టుకున్న ఈ జాతి పక్షుల చర్మాలు కొన్ని మ్యూజియం అరల్లో ఉన్నాయి. వాటి అరికాలి నుంచి చిన్న చర్మపు ముక్క తీసి డీఎన్‌ఏ చదివారు. ఒకప్పుడు పిల్లల్ని కనే పక్షులు వేలల్లో ఉండేవనీ, 20వ శతాబ్దంలో ఆ సంఖ్య 50కి లోపు పడిపోయిందనీ ఆ చదువు చెప్పింది. ఇవాళ అయిదు ద్వీపాల్లో ఎగిరే మూడు వేలూ ఆ కొబ్బరితోటలో మిగిలిన పాతిక ముప్ఫై పక్షుల సంతానమే. ఏ ద్వీపానికి పంపినా పంపింది ఆ సొత్తులోంచే. పాత చర్మాల్లో కనిపించిన జన్యు రకాల్లో కొన్ని ఇప్పుడు బతికున్న ఒక్క పక్షిలోనూ లేవు. అవి ఉన్నది మ్యూజియం సొరుగుల్లో, కాలికి చీటీ కట్టి వెల్లకిలా పడుకోబెట్టిన పిట్టల్లోనే.